లాభం పొందే యజమాని ఎవరమ్మా?

మాది బోగోలు. జువ్వలదిన్నె వైపు మత్స్యకార పల్లెల నుంచీ, పైన మెట్ట ఊళ్ళ నుంచీ వచ్చే ఒంటరి స్త్రీలకు కోర్టు ఖర్చులకూ పిల్లల ఫీజులకూ చందాలు పోగుచేసే చిన్న సంఘం మాది. 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరయింది. పాన్ కార్డుంది, బ్యాంకు ఖాతా ఉంది, ఏటేటా ఆడిట్ ఉంది. బెంగళూరులో, హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్న మా ఊరి ఆడపిల్లలు "ఫోన్లోనే పంపుతాం, కోడు పెట్టండక్కా" అన్నారు. సంఘం పేరున ఆన్‌లైన్ చెల్లింపుల ఖాతాకు దరఖాస్తు పెట్టాం. ఐదు నెలలయింది. ఖాతా రాలేదు. ఈలోగా మనోవర్తి కేసు నడుపుకుంటున్న ఒకామె చార్జీలకు డబ్బుల్లేక రెండు వాయిదాలు తప్పింది.

మొదటి అభ్యంతరం పేరు మీద. మా కోశాధికారి పాన్ కార్డులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. పెళ్ళి సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఆమె పెళ్ళి 1986లో జరిగింది. మన రాష్ట్రంలో వివాహాల నమోదును తప్పనిసరి చేసిన చట్టం వచ్చింది 2002లో! ఇంటిపేరు మార్చింది లోకం, రుజువు చూపాల్సింది ఆమె. ఏ మగవాడినైనా ఈ ప్రశ్న అడిగారా?

రెండోది ఓటీపీ. ఆమె నంబరు కొడుకు ఫోనులో ఉంది. అతను వేటకు పోతే అంకెలూ సముద్రం మీదికే పోతాయి.

మూడోది అన్నిటికన్నా విచిత్రం. "లాభం పొందే యజమాని ఎవరు?" అని ఫారం అడుగుతుంది. ఎవరూ లేరని రాస్తే ముందుకు కదలదు. చివరికి కంపెనీ మనిషి ఫోన్ చేసి, "ఇంట్లో మగవాళ్ళుంటే మాట్లాడించండమ్మా" అన్నాడు.

దొంగసొమ్మును అరికట్టడానికే ఈ తనిఖీలంటారు. తనిఖీ వద్దని మేమనడం లేదు. పదిమంది డబ్బుకు లెక్క ఉండాల్సిందే. కానీ సంఘంలో ఎవరికీ 15 శాతం మించి వాటా లేకపోతే పై బాధ్యతలో ఉన్నవారి పేరు రాస్తే చాలని రిజర్వు బ్యాంకు 2016లో ఇచ్చిన కెవైసి ఆదేశాలే చెప్పాయి. అంటే అడ్డుపడుతున్నది నిబంధన కాదు, యజమాని లేని సంఘాన్ని ఊహించుకోలేని ఫారం. పైగా, "మీ సొంత ఖాతా కోడు పెట్టుకుంటే పోలా?" అని వాళ్ళే సలహా ఇచ్చారు. సంఘం సొమ్ము సొంత ఖాతాలో వేసుకోమనడం కన్నా దొంగదారి ఇంకేముంది? మేం ఒప్పుకోలేదు.

ఈ జిల్లా స్త్రీలు 1992లో సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం తెచ్చారు. ఆ తర్వాత రోజుకో రూపాయి దాచి పొదుపు సంఘాలు కట్టారు. ఆ డబ్బుకు పూచీ ఎవరి మొగుడూ కాదు, పక్కన కూర్చున్న ఆడది. అలాంటి నేల మీద ఇవాళ మగగొంతు వినిపిస్తే తప్ప ఖాతా తెరవరా?

కళ్ళు ఆర్పలేక కెవైసిలో తిరస్కారానికి గురైన యాసిడ్ దాడి బాధితుల కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. హక్కు అన్నాక అది ఎవరి దయ మీదా ఆధారపడకూడదు.

అందుకే అడుగుతున్నాం. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా, గడువులోగా ఇవ్వాలి. పెళ్ళి సర్టిఫికెట్ లేని స్త్రీలకు మరో రుజువు అంగీకరించాలి. ఫోను మీద నడవని పని కాగితం మీద చేసే వీలుండాలి. యజమాని లేని సంఘానికి ఫారంలో చోటుండాలి.

ఇలాంటి తిప్పలే పడుతున్న సంఘాలు నోటిమాటతో వెనక్కి రావద్దు. రాతలో ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి, దానికి రుసుము లేదు. మేం రాశాం.

లాభం పొందే యజమాని ఎవరని అడిగారు కదా. వాయిదాకు బస్సెక్కలేకపోయిన ఆ మనిషి. ఆమె పేరు రాసుకోవడానికి మీ ఫారంలో గడి ఉందా?