కెమిస్ట్రీ చదువుకు డబ్బు ఏ మెట్టు మీద పెట్టాలి?

దుబాయ్‌లోని అల్ వర్సాన్‌లో, ముఖ్యంగా ఇంటర్నేషనల్ సిటీ ఫ్లాట్లలో, నెల జీతం మీద సంసారం లాక్కొచ్చే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. పన్నెండో తరగతి పూర్తయిన పిల్ల బీటెక్ కంప్యూటర్స్ అంటే అక్కడ ఎవరూ మారు ప్రశ్న అడగరు. కెమిస్ట్రీ అంటే మాత్రం ‘చదివి ఏం చేస్తుంది?’ అన్న ప్రశ్న ఊళ్లోని తాతయ్య దాకా వెళుతుంది. ప్రశ్న న్యాయమైనదే. కానీ ఖర్చంతా మొదటి డిగ్రీదే, ఫలితమూ మొదటి డిగ్రీ నుంచే రావాలి అనుకుని వేసే లెక్క తప్పు. కెమిస్ట్రీ ఆలస్యంగా ఫలితమిచ్చే చదువు. అందుకే బీఎస్సీకి వీలైనంత తక్కువ ఖర్చుపెట్టి, డబ్బునూ ఓపికనూ ఆ తర్వాతి మెట్టు కోసం దాచుకోవాలి.

పని లేదన్న భయానికి వర్సాన్‌లోనే జవాబు ఉంది. 2023లో తొలి దశ మొదలైన అక్కడి చెత్త నుంచి విద్యుత్ తీసే ప్లాంటును ఏటా సుమారు 19 లక్షల టన్నుల చెత్తను కాల్చగలిగేలా కట్టారు. ఇలాంటి ప్లాంటులో పొగ గొట్టం దాకా వెళ్లే ఆమ్ల వాయువులను సున్నంతో, డయాక్సిన్లను యాక్టివేటెడ్ కార్బన్‌తో పట్టుకోవాలి. బాయిలర్ నీటి పీహెచ్, కండక్టివిటీ చూస్తూ ఉండాలి. ఆ పక్కనే ఉన్న మురుగునీటి శుద్ధి కేంద్రంలో పని ఇంకా ఓపిక కోరుతుంది. నీటి కాలుష్యాన్ని కొలిచే బీఓడీ పరీక్షకు నమూనాను 20 డిగ్రీల దగ్గర ఐదు రోజులు ఉంచాలి. ప్లాంటు అన్నాళ్లు ఆగదు కనుక, డైక్రోమేట్‌తో రెండు గంటలు వేడిచేసి తేల్చే సీఓడీ అంకెను చూసి ఆ రోజు నిర్ణయం తీసుకోవాలి. నమూనా పట్టి అంకె రాయడానికి బీఎస్సీ సరిపోతుంది. ఆ అంకె ఎందుకు పెరిగిందో చెప్పి, ఏ ట్యాంకులో ఏం మార్చాలో నిర్ణయించే కుర్చీకి పైచదువో, ఏళ్ల అనుభవమో కావాలి. జీతంలో తేడా అక్కడే మొదలవుతుంది.

హైదరాబాద్ ఫార్మా చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. 1944లో పుట్టి తర్వాత ఐఐసీటీగా ఎదిగిన పరిశోధనశాల, 1960లలో వచ్చిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ కలిసి ఆ నగరానికి కెమిస్టుల తరాన్ని ఇచ్చాయి. డాక్టర్ రెడ్డీస్‌ను 1984లో స్థాపించిన అంజిరెడ్డి బీఎస్సీ చదివింది గుంటూరు ఏసీ కాలేజీలో. ఆ తర్వాత బొంబాయి యూడీసీటీ, పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీలో పీహెచ్‌డీ, ఆపైన ఐడీపీఎల్ ఉద్యోగం. ఒక్క మనిషి విజయంతో విధానం రుజువు కాదు, నిజమే. కానీ నేటి ఫార్మా ఉద్యోగాల మెట్లూ అలాగే ఉన్నాయి. బీఎస్సీతో చాలామంది నాణ్యత పరీక్షల విభాగం (క్యూసీ)లో హెచ్‌పీఎల్‌సీ యంత్రం ముందో, ప్రొడక్షన్ షిఫ్టులోనో చేరతారు. ఆర్ అండ్ డి తలుపు ప్రధానంగా ఎమ్మెస్సీ ఆర్గానిక్ వాళ్లకు తెరుచుకుంటుంది.

డబ్బు లెక్క కూడా ఈ వాదననే బలపరుస్తుంది. ఎమ్మెస్సీ దాటాక కెమిస్ట్రీలో ఖర్చు తగ్గి, చివరకు చదువే జీతం ఇస్తుంది. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. అమెరికాలో కెమిస్ట్రీ పీహెచ్‌డీకి సాధారణంగా ట్యూషన్ ఫీజు కట్టనక్కర్లేదు, ల్యాబ్ క్లాసులు చెప్పినందుకు స్టైపెండ్ ఇస్తారు. అదే అమెరికాకు కంప్యూటర్స్ ఎమ్మెస్ కోసం మనవాళ్లు ఇల్లు తాకట్టు పెట్టి వెళుతున్నారు. ఇలాంటి సబ్జెక్టులో మొదటి డిగ్రీకే ఏటా పదుల వేల దిర్హామ్‌లు పోసి, ఎమ్మెస్సీ నాటికి చేతులెత్తేయడం కంటే నష్టం మరొకటి లేదు. తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్, లేదా మంచి ల్యాబ్ ఉన్న డిగ్రీ కాలేజీ, ఆ తర్వాత జామ్ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీలో ఎమ్మెస్సీ తెలివైన దారులు. ఒక చిక్కుంది. గల్ఫ్‌లో చదివిన పిల్లలు సొంత రాష్ట్రంలోనే నాన్‌లోకల్ అయ్యే అవకాశం ఎక్కువ. ఆ నిబంధనలు పదకొండో తరగతిలోనే చూసుకోవాలి.

మన డిగ్రీ కాలేజీల్లో ల్యాబులు ఎక్కడున్నాయని అడగవచ్చు. చాలాచోట్ల ఆ మాట నిజం, అది బాధపెట్టే నిజం. సాల్ట్ అనాలిసిస్ రికార్డు బుక్కులో ఉంటుంది, పిల్లల చేతికి పిపెట్ అందదు. కాబట్టి కాలేజీ పేరు, భవనం పక్కనపెట్టి వారానికి ఎన్ని గంటలు ప్రాక్టికల్స్ చేయిస్తారో సీనియర్లనే అడగాలి. ప్రాణభయం గురించిన అభ్యంతరం ఇంకా బరువైనది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఫార్మా పేలుడులో 17 మంది చనిపోయారు. ఆ భయాన్ని కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు. అయితే ప్రమాదాన్ని ముందే పసిగట్టాల్సింది కూడా సాల్వెంట్ ఆవిరి స్వభావం తెలిసిన కెమిస్టే. అలాంటివాళ్లు తగ్గితే ఫ్యాక్టరీలు మరింత ప్రమాదకరం అవుతాయి. ఉద్యోగంలో చేరేముందు సంస్థ భద్రతా చరిత్రను జీతంతో పాటే తూచాలి.

ఇక కాలం. ఎమ్మెస్సీకి ఇరవై మూడు, పీహెచ్‌డీకి ఇరవై ఎనిమిదేళ్లు వస్తాయి. యూఏఈలో కొడుకును తండ్రి వీసా మీద పాతికేళ్ల దాకానే ఉంచుకోవచ్చు. 50 మందికి పైగా పనిచేసే ప్రైవేటు సంస్థలు నైపుణ్య ఉద్యోగాల్లో ఎమిరాతీల వాటాను ఏటా పెంచాలన్న నిబంధనా ఉంది. అందుకే చదువయ్యాక పిల్లలు వర్సాన్‌కే తిరిగి వస్తారని లెక్క వేసుకోకూడదు. హైదరాబాద్, విశాఖలను అసలు గమ్యంగా పెట్టుకుని, గల్ఫ్ దొరికితే అదనం అనుకోవాలి. ఊళ్లో అప్పుండి, ఇరవై రెండేళ్లకే పిల్లల జీతం చేతికి రావాల్సిన ఇంటికి మాత్రం ఈ దారి చెప్పలేం. వాళ్లకు బీటెక్కో, ఏదైనా డిప్లొమానో నయం.