‘నాకేం, గుండ్రాయిలా ఉన్నాను!’ – ఈ ధీమాకు ఆధారమేది?

“అమెరికావాళ్ళకు ఎప్పుడూ ఏదో ఒక జబ్బే, మనవాళ్ళు గుండ్రాళ్ళు!” మైపాడు మొదలు తూపిలిపాళెం వరకు మన తీరంలో తరచుగా వినవచ్చే మాట ఇది. పాఠక మహాశయులారా, ఈ గర్వం ప్రమాదకరం.

నోబెల్ బహుమతి గ్రహీత అమర్త్యసేన్ 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ భ్రమనే ఎత్తిచూపారు. ‘మీకు జబ్బు ఉన్నదా?’ అని అడిగినప్పుడు, ఆయుర్దాయంలో దేశానికే తలమానికమైన కేరళలో ‘ఉన్నది’ అన్నవారు అత్యధికం. ఆయుర్దాయం బాగా తక్కువైన బీహారులో అత్యల్పం. అమెరికావారైతే కేరళవారిని సైతం మించిపోయారు. అంతమాత్రాన బీహారే ఆరోగ్యవంతమని అనగలమా? జబ్బు ఉన్నదని చెప్పాలంటే ముందు దానిని ఎవరైనా కనిపెట్టాలి కదా! చదువు, చేరువలో వైద్యం ఉన్నచోటనే అది సాధ్యం.

రక్తపోటు 140/90 దాటినా సాధారణంగా ఏ బాధా తెలియదు. మధుమేహమూ చాలాకాలం చప్పుడు చేయదు. వేకువనే పడవను సముద్రంలోకి నెట్టే మత్స్యకారుడు ‘బాగున్నాను’ అనడంలో అబద్ధం లేదు. అతనికి ఆరోగ్యమంటే వేటకు పోగలగడమే. పక్షవాతంతో మంచాన పడిననాడు గాని అతడు రోగుల లెక్కలోకి రాడు.

‘ఫిర్యాదులు లేవు, కనుక అక్కడ వైద్యం అవసరం లేదు’ అనే వాదాన్ని ఎవరు చేసినా ఖండించండి. 30 ఏళ్ళు దాటినవారికి బీపీ, షుగరు పరీక్షలు చేయాలన్నది జాతీయ కార్యక్రమమే. మీ ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో అడిగి చేయించుకోండి. అది దయ కాదు, మీ హక్కు.