980 రాకపోతే తప్పా?

లఘులోలకం ప్రయోగం మీలో చాలామంది చేసే ఉంటారు. గుండును దారంతో స్టాండుకు వేలాడదీసి, కొద్దిగా పక్కకు లాగి వదిలి, ఇరవై డోలనాలకు పట్టే కాలాన్ని స్టాప్ వాచితో కొలుస్తారు. సూత్రంలో వేసి గురుత్వ త్వరణం కడతారు. 968 వచ్చిందనుకోండి. అప్పుడేం చేస్తారు? నిజం చెప్పండి! పుస్తకంలో 980 అని ఉంది కదా అని రబ్బరు తీసుకుంటారు. 980 రావాలంటే కాలం ఎంత ఉండాలో వెనక నుంచి లెక్క కట్టి, ఆ అంకెను పట్టికలో రాసేస్తారు. మా రోజుల్లో మేమూ ఇదే చేశాం. అందుకే ఇంత ధైర్యంగా అడుగుతున్నాను.

చెరిపేసిన ఆ 968, తెచ్చిపెట్టుకున్న 980 కన్నా విలువైనదని నా అభిప్రాయం. ఎందుకో చూడండి.

దారం కట్టిన చోటి నుంచి గుండు మధ్య వరకు సరిగ్గా 100 సెంటీమీటర్లు ఉంచి, ఇరవై డోలనాల కాలాన్ని ఐదుసార్లు కొలిచామనుకుందాం. 40.4, 40.0, 40.6, 39.8, 40.2 సెకన్లు వచ్చాయి. గుండు అదే, దారం అదే, కొలిచిన చెయ్యీ అదే. మరి తేడా ఎక్కడిది? ఎక్కువ భాగం మీ వేలిది. గుండు మధ్యకు వచ్చిందని కన్ను చూసి, వేలు మీట నొక్కేసరికి సెకనులో ఐదో వంతు గడిచిపోతుంది. ఒక్కోసారి ముందే తొందరపడి నొక్కేస్తాం కూడా. ఇది మీ తప్పు కాదు. మనిషి వేలు అంతే.

వీటిలో ఒక్క రీడింగునే నమ్ముకుంటే 958 నుంచి 997 దాకా ఏదైనా రావచ్చు. ఐదింటి సగటు 40.2 సెకన్లు. దానితో కడితే 977 వస్తుంది. ఇక్కడితో ఆగకండి. ఒక్కో రీడింగు సగటుకు ఎంత దూరంలో ఉందో చూడండి: 0.2, 0.2, 0.4, 0.4, 0. వీటి సగటు 0.24 సెకను, అంటే కాలంలో నూటికి 0.6 వంతు. సూత్రంలో కాలానికి వర్గం ఉంది కనుక జవాబులో ఇది రెట్టింపై నూటికి 1.2 అవుతుంది. కాబట్టి మీ జవాబు '977, అటూ ఇటూ 12'. ఇది కాస్త ముతక లెక్కే. పై తరగతుల్లో ఇంతకన్నా మంచి పద్ధతి నేర్చుకుంటారు. అయినా మీ కొలతను ఎంతవరకు నమ్మవచ్చో ఈ 12 చెబుతుంది. వట్టి 977 ఆ సంగతి చెప్పలేదు.

ఇంతకీ ఆ 980 ఎక్కడిది? గురుత్వ త్వరణం భూమి మీద అన్నిచోట్లా ఒకటి కాదు. సముద్ర మట్టం దగ్గర భూమధ్యరేఖ మీద 978.0, ధ్రువాల వద్ద 983.2. లెక్కల సౌకర్యం కోసం 1901లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న ప్రమాణ విలువ 980.665. హైదరాబాదులో ఇది సుమారు 978.3. అంటే అక్కడి బడిలో 977 చెరిపి 980 రాసిన విద్యార్థి, నిజానికి దగ్గరగా ఉన్న అంకెను చెరిపి దూరపు అంకెను రాశాడన్నమాట!

అయితే మన 977 గొప్పదని మురిసిపోనక్కర్లేదు. పన్నెండు అటూ ఇటూ ఊగే కొలత 978కీ 980కీ తేడా చెప్పలేదు. చెప్పాలంటే ఇరవై బదులు నూరు డోలనాలు లెక్కపెట్టండి. వేలి తడబాటు అదే పావు సెకను, కాని ఇప్పుడది 201 సెకన్లలో. జవాబులో ఊగిసలాట రెండున్నరకు దిగుతుంది. ఇక దారం పొడవు. చెక్క స్కేలు అంచు రెండు మిల్లీమీటర్లు అరిగిపోయి ఉంటే, నూరుసార్లు కొలిచి సగటు తీసినా నూరుసార్లూ అదే తప్పు వస్తుంది. ఇలాంటి తప్పును సగటు పట్టుకోలేదు. అంచు నుంచి కాక 10 గీత దగ్గర నుంచి కొలవడమే దానికి మందు.

ఇంత చిన్న తేడాలు పట్టించుకోవాలా అంటారేమో. లార్డ్ రేలీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఒకే గాజు బుడ్డిలో నత్రజని నింపి తూచాడు. గాలి నుంచి తీసిన నత్రజని సుమారు 2.310 గ్రాములు, రసాయనాల నుంచి తయారుచేసినది సుమారు 2.299 గ్రాములు తూగాయి. తేడా 11 మిల్లీగ్రాములు! ఏ రబ్బరుకైనా లొంగేదే. కాని ఏ రకానికి ఆ రకం రీడింగులు తమలో తాము ఇందులో సగమైనా తేడా పడలేదు. కనుక ఇది తూకంలో తడబాటు కాదని రేలీ పట్టుబట్టాడు. కారణం ఎవరైనా చెప్పగలరా అని 1892లో 'నేచర్' పత్రికకు ఉత్తరం రాశాడు. చివరికి 1894లో ఆయనా, విలియం రామ్సే కలిసి గాలిలో దాక్కున్న కొత్త వాయువును బయటపెట్టారు. అదే ఆర్గాన్. గాలిలో నూటికి ఒక వంతు దాకా అదే ఉంది. 1904లో రేలీకి భౌతికశాస్త్రంలో, రామ్సేకి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతులు వచ్చాయి.

ఇది చదివే మాస్టార్లకూ ఒక మనవి. 980 వస్తేనే మార్కులంటే పిల్లలు రబ్బరు పట్టక ఏం చేస్తారు? సగం మార్కులు ఆ రెండో అంకెకు, అంటే 'అటూ ఇటూ 12'కు, కేటాయించి చూడండి. ఐదు రీడింగులూ కొట్టివేతలతో సహా రికార్డులో కనిపించాలనండి. అచ్చంగా 980.0 తెచ్చిన కుర్రవాణ్ణి మాత్రం పిలిచి, ఆ ఐదు రీడింగులూ ఏవని అడగండి.