మంచం మోసిన నలుగురు

మా ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి కుటుంబ ప్రార్థన. ఒక పాట, ఒక అధ్యాయం, చివర్లో అమ్మ ప్రార్థన. అమ్మ ప్రార్థన ఎప్పుడూ పెద్దదే. కొడుకులు, కోడళ్లు, మనవల పరీక్షలు, కువైట్‌లో ఉన్న మేనల్లుడు, నీళ్లు పడని పక్కింటివారి బోరు, అందరూ అందులో ఉంటారు. ఆమె మాత్రం ఉండదు. పద్నాలుగేళ్లుగా షుగర్‌తో ఉన్న మనిషి, తన అరికాళ్ల మంట గురించి దేవునితో ఒక్క మాట చెప్పుకోగా మేము వినలేదు. అది ఆమె భక్తి అనుకున్నాం. అందులో భయం కూడా ఉందని ఆలస్యంగా తెలిసింది.

కొన్నేళ్ల క్రితం మా పట్టణంలో మూడు రోజులు స్వస్థత కూటములు జరిగాయి. మూడో రాత్రి ప్రసంగీకుడు, దేవుణ్ని నిజంగా నమ్మినవారికి మాత్రలతో పనేముందని అడిగాడు. అమ్మ ఇంటికొచ్చి మాత్రల డబ్బా తీసి బీరువా మీద పెట్టేసింది. తర్వాతి ఆదివారం ఆరాధనలో నిలబడి, ప్రభువు తనను బాగుచేశాడని సాక్ష్యం చెప్పింది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. మేమూ కొట్టాం. ఆ చప్పట్ల లెక్క మా దగ్గర ఇంకా తేలలేదు.

షుగర్‌తో చిక్కేమిటంటే, పెరిగినంత మాత్రాన అది నొప్పి పెట్టదు. మాత్రలు మానేసిన మొదటి రోజుల్లో ఏమీ కాదు, కొందరికి హాయిగా కూడా అనిపిస్తుంది. లోపల జరిగేది లోపల జరుగుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గవచ్చు. చెప్పు పట్టీ ఒరుసుకుని అమ్మ కాలికి పుండు పడింది. మొదట ఆమెకే తెలియలేదు. తెలిశాక మాకు చెప్పలేదు. పసుపు అద్ది, గుడ్డ చుట్టి, పైన మేజోడు వేసుకుని తిరిగింది. ఎందుకు దాచావమ్మా అని తర్వాత అడిగితే, ‘అందరి ముందూ చెప్పేశాను కదరా’ అంది. వాసన వచ్చి మేము కనిపెట్టేసరికి ఆలస్యమైంది. రెండు వేళ్లు తీసేశారు.

మత్తు దిగాక ఆమె వేళ్ల గురించి అడగలేదు. ‘నా విశ్వాసం చాల్లేదంటావా?’ అని అడిగింది. వేళ్లు పోయినందుకు కన్నా ఆ ప్రశ్నకు మేము ఎక్కువ ఏడ్చాం.

పరామర్శకు వచ్చినవారిలో ఒకరిద్దరు ఆ ప్రశ్నకే ఊతమిచ్చారు. ఎక్కడో అపనమ్మకం చొరబడి ఉంటుందన్నారు. ఇంట్లో ఒప్పుకోని పాపమేదైనా ఉందేమో చూసుకోమన్నారు. యోబు స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులు మంచివాళ్లే. నేలమీద అతని పక్కన కూర్చుని నోరు మెదపకుండా ఉన్నారు. నోరు తెరిచాకే చెడింది.

దేవుడు స్వస్థపరుస్తాడని మేము నమ్ముతాం. డాక్టర్లు ఆశ వదులుకోమన్న పసిబిడ్డ మా సంఘంలోనే బతికి, ఇప్పుడు సండే స్కూలుకు వస్తున్నాడు. అది ప్రార్థనకు జవాబేనని మా నమ్మకం, దాన్ని ఎవరూ మా నుంచి తీసుకోలేరు. కానీ స్వస్థత కలిగిందని రుజువు చేయడానికి మాత్ర మానెయ్యాలని ఏ అపొస్తలుడు చెప్పాడు? హిజ్కియా మరణకరమైన జబ్బుతో ఏడ్చి ప్రార్థిస్తే, దేవుడు పదిహేనేళ్లు ఆయుష్షు పెంచుతానని ప్రవక్త చేత కబురు పంపాడు. ఆ ప్రవక్తే పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు. మాట ఇచ్చిన దేవుడే మందునూ వద్దనలేదు. తిమోతికి తరచూ వచ్చే కడుపు జబ్బుకు పౌలు చెప్పింది ఆ కాలపు ఇంటివైద్యమే. త్రోఫిము జబ్బుపడితే పౌలు అతణ్ని మిలేతులో విడిచి వచ్చాడు. ఎందరినో స్వస్థపరిచిన చేతులవి. త్రోఫిముకు విశ్వాసం తక్కువని ఆయన ఎక్కడా రాయలేదు. పైగా ఆయన వెంట ఉన్న లూకా వైద్యుడు.

మన తెలుగు సంఘాల చరిత్ర చూసినా ఇంతే. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల కోసం ఇసబెల్ కెర్ దంపతులు ఆసుపత్రి పెట్టారు. అదే ఏడాది మదనపల్లె దగ్గర క్షయరోగులకు ఆరోగ్యవరం శానిటోరియం మొదలైంది. వీళ్లంతా మోకాళ్ల మీద ఉండి ప్రార్థించినవారే, లేచి మందు కలిపినవారే. మన తాతముత్తాతల్లో ఎందరికో సువార్త మొదట చేరింది ఆ మందు సీసాతో పాటే. వాళ్ల మనవలం మనం మందును అవిశ్వాసమనడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇది ఒక్క షుగర్ సంగతి కాదు. టీబీ మందు నెలల తరబడి వాడాలి. దగ్గు తగ్గిందని మధ్యలో మానేస్తే, మిగిలిన క్రిములు ఆ మందులకు లొంగకుండా మొండికెత్తవచ్చు, ఇంట్లో పిల్లలకూ అంటుకోవచ్చు. మూర్ఛ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. వేదిక మీద మాట్లాడినవారు నాలుగో రోజు ఇంకో ఊరు వెళ్లిపోతారు. పుండు కడిగేది ఇంట్లోవాళ్లు.

ఇంతకంటే మమ్మల్ని ఎక్కువ కలతపెట్టేది ఇంకొకటి. జబ్బుతో పడుకున్న మనిషి మీదే విశ్వాసం మోసే పని కూడా పెడుతున్నాం. కపెర్నహూములో పక్షవాయువు గలవాణ్ని తీసుకొచ్చిన కథ మనకు సండే స్కూలు నుంచీ తెలుసు. నలుగురు మోశారు, ఇంటి కప్పు విప్పి దించారు. యేసు చూసింది మోసుకొచ్చినవారి విశ్వాసాన్ని కూడా అని మార్కు రాశాడు. మంచం మీది మనిషి ఒక్క మాట మాట్లాడినట్టు లేదు. బేతెస్ద కోనేటి దగ్గర పడి ఉన్న, ముప్పై ఎనిమిదేళ్లుగా జబ్బుతో ఉన్నవాడికైతే తనను బాగుచేసింది ఎవరో కూడా తెలియదు. యాకోబు పత్రికలో రోగికి చెప్పిన పని ఒక్కటే, సంఘపెద్దలను పిలిపించుకోవడం. నూనె రాయడం, విశ్వాసంతో ప్రార్థించడం వచ్చినవారి పని. మనమేమో దాన్ని తిరగేశాం. పెద్దలు నిలబడి పరీక్ష పెడుతున్నారు, రోగి పడుకుని జవాబు రాయాలి.

మన ఊళ్లలో నలుగురు మోస్తారంటే చివరి ప్రయాణమే గుర్తొస్తుంది. అప్పుడు సంఘం కదిలి వస్తుంది, పెట్టె పట్టడానికి పోటీ పడుతుంది. బతికుండగా మోసే నలుగురు మాత్రం దొరకరు.

ఆమాట పూర్తిగా అనడం కూడా న్యాయం కాదు. అమ్మ ఆసుపత్రిలో ఉన్న పన్నెండు రోజులూ స్త్రీల సమాజం నుంచి వంతులవారీగా క్యారియర్ వచ్చింది. చక్కెర లేని కాఫీ, జొన్న రొట్టె, ఆకుకూర. ఎవరూ ప్రసంగించలేదు. టైలరింగ్ చేసుకునే ఒక సిస్టర్ మూడు రాత్రులు మంచం పక్కన చాప వేసుకుని పడుకుంది. అమ్మకు ప్రార్థన నోటికి రాలేదు ఆ రోజుల్లో. ‘మీరు పడుకోండి ఆంటీ, మీ బదులు నేను చేస్తాను’ అందట ఆ అమ్మాయి. పెద్ద పెద్ద కూటములు చెయ్యలేనిది ఆ మాట చేసింది. అమ్మ మళ్లీ మామూలుగా నిద్రపోయింది ఆ రాత్రే.

మా పాస్టరుగారు కూడా ఒక రోజు ఒంటరిగా వచ్చారు. ‘ఆ రోజు నేనూ చప్పట్లు కొట్టానమ్మా, క్షమించండి’ అన్నారు. సంఘకాపరి రోగి ముందు అలా తలవంచడం మేము ముందెప్పుడూ చూడలేదు.

ఇంటికొచ్చిన నాలుగు నెలలకు అమ్మ ఆదివారం సాక్ష్యానికి మళ్లీ నిలబడింది. రెండు వేళ్లు పోయాయని, రోజూ ఇన్సులిన్ వేసుకుంటున్నానని, దేవుడు తనను వదల్లేదని చెప్పి కూర్చుంది. చప్పట్లు లేవు. ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు, ఒక ఆటో డ్రైవరు ఆమె చుట్టూ చేరి గొంతు తగ్గించి ఏదో అడుగుతున్నారు. దగ్గరికి వెళ్లి విన్నాం. వాళ్లూ మాత్రలు మానేసినవారే.

ఇప్పుడు మా కుటుంబ ప్రార్థన కాస్త మారింది. భోజనానికి ముందు సూది మనవరాలు గుర్తుచేస్తుంది. ప్రార్థనలో అమ్మ తన కాలి సంగతి కూడా చెబుతోంది, కొంచెం సిగ్గుపడుతూనే. బుధవారం కూడిక అయ్యాక పాస్టరమ్మగారు షుగర్ ఉన్నవాళ్లను వరుసగా కూర్చోబెట్టి, టార్చిలైటు పట్టుకుని పాదాలు చూస్తున్నారు. పోయిన వారం అమ్మ చెప్పులు మార్చమన్నారు.