సీటు వచ్చింది సరే, కుర్చీ ఎప్పుడు?

ఆడపిల్లకు ఎంబీబీఎస్ సీటు వచ్చిందంటే ఆ రోజు బస్తీ అంతా మిఠాయిలు పంచుతాం. ఆమె డాక్టరయ్యాక మాత్రం మన ప్రశ్నలు మారిపోతాయి. 'ఇంకా ఎన్నాళ్లు చదువుతుంది? రిష్తా చూడరా?' అంటాం. వైద్య కళాశాలలో పాఠం చెప్పే ప్రొఫెసరుగా, విభాగాధిపతిగా ఆమెను ఊహించుకునే ఇళ్లు ఎన్ని?

ఇది మన ఇళ్ల సమస్య మాత్రమే కాదు. అమెరికాలో 2019లో వైద్య విద్యార్థుల్లో స్త్రీల సంఖ్య సగం దాటింది. అయితే అంతకు ముందటి ఏడాది లెక్కల్లో వైద్య కళాశాలల అధ్యాపకుల్లో స్త్రీలు 41 శాతం, పూర్తి స్థాయి ప్రొఫెసర్లలో 25 శాతం, డీన్లలో 18 శాతమే. మెట్టు ఎక్కేకొద్దీ స్త్రీలు తగ్గిపోతున్నారన్నమాట. మన దేశంలో 1956లో ఏర్పడిన ఢిల్లీ ఎయిమ్స్‌కు తొలి మహిళా డైరెక్టరుగా డాక్టర్ స్నేహ్ భార్గవ 1984లో వచ్చారు.

స్త్రీలకు ప్రతిభ లేకనా? 2018లో బయటపడిన టోక్యో వైద్య విశ్వవిద్యాలయం ఉదంతం దీనికి జవాబు చెబుతుంది. పెళ్లి, కాన్పు కారణంగా స్త్రీలు వృత్తి మానేస్తారన్న నెపంతో ప్రవేశ పరీక్షలో అక్కడ వారి మార్కులు ఏళ్ల తరబడి తగ్గించారు. ఆ గుట్టు రట్టయ్యాక, 2021లో జపాన్ వైద్య కళాశాలల ప్రవేశ పరీక్షల్లో స్త్రీల ఉత్తీర్ణత శాతం పురుషులను మించింది. లోపం పిల్లల్లో లేదు, తూచే తక్కెడలో ఉంది.

పీజీ, సీనియర్ రెసిడెన్సీ, పరిశోధన పత్రాలు - పదోన్నతికి పునాది పడే ఏళ్లు ఇవే. పెళ్లి, పిల్లలు వచ్చే ఏళ్లు కూడా ఇవే. ఆ భారమంతా ఒక్కరి భుజాన పడితే వెనుకబడేది ఎవరో వేరే చెప్పాలా? 2017 నాటి చట్ట సవరణ మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవు ఇచ్చింది. మంచిదే. కానీ సెలవు ముగిశాక ఆగిన పరిశోధనను అందుకునే దారి కూడా సంస్థలు చూపాలి.

బ్రిటన్‌లో 2011లో ఒక ప్రయోగం జరిగింది. స్త్రీల పురోగతికి తగిన ఏర్పాట్లు చేసి గుర్తింపు పొందిన వైద్య కళాశాలలకే కొన్ని పెద్ద పరిశోధన నిధులు ఇస్తామన్నారు. అంతదాకా మిన్నకున్న కళాశాలలు వెంటనే కదిలాయి. కాగితాల పని పెరిగిందంటూ 2020లో ఆ షరతు ఎత్తివేశారు. అయినా పాఠం స్పష్టమే: నిధులతో ముడిపెడితే మాటలు చేతలవుతాయి.

ప్రభుత్వం చేయవలసింది ప్రభుత్వాన్ని అడుగుదాం. మనం చేయవలసింది మన చేతుల్లోనే ఉంది. రిష్తా మాట్లాడేటప్పుడు కట్నకానుకల లెక్కలు కాదు, 'మా అమ్మాయి పీజీ చేస్తుంది, పాఠాలు చెబుతుంది, మీకు సమ్మతమేనా?' అని అడుగుదాం. కోడలు డాక్టరని గర్వంగా చెప్పుకునే అత్తమామలు ఆమె రాత్రి డ్యూటీకి వెళ్లినప్పుడు మనవణ్ణి చూసుకోవాలి. భర్త వంటింట్లో చేయి కలపాలి. రేపటి డాక్టర్లను తయారుచేసే కుర్చీ మన బిడ్డకూ దక్కాలంటే మొదటి మెట్టు మన గడపే.