గంటలో దిగాల్సిన విమానం

ఈ విమానం అంగుళం కదలదు. అయినా ఎక్కినవాళ్లకు చెమటలు పడతాయి! కుర్రకారు మోజుపడి ఆడుతున్న ‘ఎస్కేప్ రూమ్’ ఆటల్లో ఇదొక రకం. విమానం క్యాబిన్‌లా అలంకరించిన గదిలోకి పంపి తలుపు వేస్తారు. అరవై నిమిషాల్లో ఆధారాలు వెతికి, తాళాల అంకెలు కనిపెట్టి బయటపడాలి. లేదంటే విమానం కూలిపోయినట్టే లెక్క! 2007లో జపాన్‌లోని క్యోటోలో తకావో కాటో అనే ఆయన కంప్యూటర్ ఆటను ఇలా నిజం గదిలోకి తెచ్చాడు.

ఎల్లారెడ్డిపేట నుంచి నలుగురం హైదరాబాద్ వెళ్లి ఆడాం. ముగ్గురం సినిమా పిచ్చోళ్లం. నాలుగోవాడు ఆరేళ్లు దుబాయ్‌లో పనిచేసి వచ్చిన తమ్ముడు. మా ముగ్గురి కళ్ల ముందూ ‘గగనం’ (2011) తిరుగుతోంది. హైజాక్ అయిన విమానం తిరుపతిలో దిగడం, కమాండో నాగార్జున రంగంలోకి దూకడం! ఇంకేముంది, వెళ్లి కాక్‌పిట్ తలుపు మీద పడ్డాం. తమ్ముడు మాత్రం తాపీగా వంగి సీటు కింద చెయ్యి పెట్టాడు. లైఫ్ జాకెట్ సంచిలో తాళంచెవి!

“నీకెట్ల తెల్సిందిరా?”

“ఎక్కినప్పుడల్లా చెప్తరు గద అన్నా, జాకెట్ సీటు కిందనే ఉంటదని. మీరు విమానాన్ని సినిమాల చూసిన్రు, నేను ఎక్కిన.”

యాభై రెండో నిమిషంలో బయటపడ్డాం. చాయ్ తాగుతుంటే వాడే అన్నాడు: “నేను పనిచేసిన కాడ తలుపు తీసే ఉండె అన్నా. పాస్‌పోర్టు మాత్రం వాళ్ల బీరువాల ఉండె. చెల్లె పెండ్లికి రాలేకపోయిన.”

ముగ్గురికీ చాయ్ గొంతు దిగలేదు.

సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల వైపు ఇలాంటి కథ తెలియని ఊరుండదు. హత్య కేసులో శిక్షపడి దుబాయ్ జైల్లో మగ్గిన సిరిసిల్ల జిల్లా కార్మికులు ఐదుగురు, సుమారు 18 ఏళ్ల తర్వాత గానీ ఇల్లు చేరలేదు. పి. సునీల్‌కుమార్ రెడ్డి ‘గల్ఫ్’ (2017) తీసింది ఈ వలస బతుకుల మీదే. ఎడారిలో మేకల దొడ్డిలో చిక్కిన కూలీగా పృథ్వీరాజ్ నటించిన ‘ఆడుజీవితం’ (2024) చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఆటలో దారి తోచకపోతే నిర్వాహకుల్ని ‘హింట్’ అడగొచ్చు. మేమూ రెండుసార్లు అడిగాం. గల్ఫ్ వెళ్లేవాళ్లు మాత్రం ఆ హింటేదో విమానం ఎక్కకముందే అడగాలి సుమా! ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వపు ‘ఈ-మైగ్రేట్’ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. విజిట్ వీసా మీద పనికి పంపుతానంటే దండం పెట్టి వచ్చేయండి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రం నకళ్లు ఇంట్లో అమ్మ చేతికిచ్చి మరీ బయల్దేరండి.