జబ్బుపడినవాడి పండుగ వేతనం

కర్మాగారాల టైమ్ ఆఫీసుల్లోనూ సంస్థల సిబ్బంది విభాగాల్లోనూ చాలాకాలంగా పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. జబ్బు సెలవులో ఉన్న కార్మికుడికి ఆ సెలవు మధ్యలో వచ్చిన జాతీయ సెలవుకు గాని పండుగ సెలవుకు గాని యాజమాన్యం వేతనం ఇవ్వనక్కరలేదని, ముఖ్యంగా అతడు ఉద్యోగుల రాజ్య బీమా, అంటే అందరూ ఈఎస్ఐ అని పిలిచే పథకం కింద భత్యం పొందుతున్నప్పుడు పండుగ వేతనం కూడా అడగడం రెండు చేతులా తీసుకోవడమేనని ఆ అభిప్రాయ సారాంశం. వినడానికి ఇది న్యాయంగానే తోస్తుంది కనుక కార్మికుల్లో కూడా చాలామంది మారుమాట లేకుండా ఒప్పుకుంటారు. చట్టాన్ని దగ్గరగా చదివితే మాత్రం ఈ వాదం నిలవదు. నిలవకపోవడమే కాదు, జబ్బుపడినవాడికి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు.

ముందుగా పండుగ వేతనం ఎక్కడినుంచి వస్తుందో చూడాలి. తెలుగు రాష్ట్రాల్లో దానికి ఆధారం 1974 నాటి ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీలు, సంస్థల (జాతీయ, పండుగ, ఇతర సెలవుల) చట్టం. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలోనూ అదే చట్టం కొనసాగుతోంది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 వంటి జాతీయ దినాలకూ, నిర్ణయించిన కొన్ని పండుగలకూ కార్మికుడికి సెలవు ఇవ్వాలని, ఆ సెలవుకు వేతనం చెల్లించాలని ఆ చట్టం యాజమాన్యాన్ని ఆదేశిస్తుంది. ఏడాదికి ఇన్ని రోజులు పనిచేస్తే ఇన్ని రోజులు అని లెక్కగట్టి సంపాదించుకునే వార్షిక సెలవు వంటిది కాదిది. కార్మికుడికీ యాజమాన్యానికీ మధ్య ఉన్న ఉద్యోగ సంబంధం నుంచే ఈ హక్కు పుడుతుంది, జబ్బు ఆ సంబంధాన్ని తెంచదు.

ఇక రెండు చేతులా తీసుకోవడం అన్న ఆరోపణ. ఈఎస్ఐ పథకంలో అనారోగ్య భత్యం అంటే, బీమా వైద్యాధికారి ధ్రువీకరించిన జబ్బు కాలానికి సగటు రోజు వేతనంలో 70 శాతం చొప్పున ఈఎస్ఐ కార్పొరేషన్ చెల్లించే సొమ్ము. ఈ పథకానికి మూలమైన 1948 నాటి చట్టం, ఆరోపణ చేసేవారు తలచుకోని ఒక జాగ్రత్త తీసుకుంది. కార్మికుడు పనిచేసిన రోజుకు గాని, వేతనంతో కూడిన సెలవులో ఉన్న రోజుకు గాని, వేతనం అందుకున్న పండుగ రోజుకు గాని, సమ్మెలో ఉన్న రోజుకు గాని అనారోగ్య భత్యం రాదని దాని 63వ సెక్షన్ నిర్దేశించింది. ఒకే రోజుకు రెండు సొమ్ములు ముట్టే దారిని చట్టమే అలా మూసివేసినప్పుడు, లేని దోపిడీని సాకుగా చూపి వేతనం ఎగ్గొట్టడంలో అర్థం లేదు. అంతకన్నా గమనించవలసినది, ఆ సెక్షన్ రాసినవారి ఊహలో ఏముందన్నది. జబ్బు కాలంలో వచ్చిన పండుగకు వేతనం అందే అవకాశమే లేదని వారు తలచి ఉంటే, అలాంటి రోజున భత్యం ఆపాలని ప్రత్యేకంగా రాయవలసిన అవసరమే వచ్చేది కాదు. యాజమాన్యాలు తలచుకోని ఆ సెక్షనే కార్మికుడి పక్షాన సాక్ష్యం చెబుతోంది.

ఈ తప్పు లెక్క వల్ల జరిగే నష్టం ఒక ఉదాహరణలో తెలిసివస్తుంది. జీడిమెట్లలోనో పరవాడలోనో రోజుకు 700 రూపాయల వేతనం ఉన్న కార్మికుడు వానాకాలపు జ్వరంతో ఆగస్టు 14న ఆసుపత్రిలో చేరాడనుకుందాం. ఈఎస్ఐలో కొత్తగా మొదలైన జబ్బుకు మొదటి రెండు రోజులూ భత్యం ఉండదు. అంతకుముందు జబ్బు ముగిసిన పదిహేను రోజుల్లోపు మళ్లీ జబ్బుపడితేనే ఈ నిరీక్షణ వర్తించదు. కనుక 14, 15 తేదీలకు కార్పొరేషన్ నుంచి ఒక్క రూపాయి రాదు. స్వాతంత్ర్య దినాన కర్మాగారం మూసి ఉంటుంది, తోటివారందరూ ఇంట్లో ఉండి 700 రూపాయలు పొందుతారు, ఇతడి పేరుకు ఎదురుగా మాత్రం హాజరుపట్టీలో ఈఎస్ఐ లీవు అని పడుతుంది. రెండు చేతులా తీసుకుంటున్నాడని నింద మోసే మనిషికి ఆ రోజున రెండు చేతులూ ఖాళీ. ఆ పండుగ నిరీక్షణ దినాలు దాటాక వచ్చినా 490 రూపాయల భత్యంతో సరిపెట్టుకోవాలి, మిగిలిన 210 రూపాయలు పోయినట్టే. మందులకూ తోడున్నవారి ఖర్చుకూ చేయి చాచవలసిన వారంలో 210 రూపాయలు చిన్న మొత్తం కాదు.

నష్టం ఆ ఒక్క రోజుతో ఆగదు. అనారోగ్య భత్యం వరుసగా వచ్చే రెండు ఆరునెలల ప్రయోజన కాలాల్లో కలిపి 91 రోజులకే పరిమితం. యాజమాన్యం వేతనం చెల్లించి ఉంటే ఆ పండుగ రోజు ఈ 91లో చేరదు. చెల్లించనప్పుడు ఒక రోజు కరిగిపోతుంది, దీర్ఘకాలపు జబ్బుతో ఉన్నవాడికి అది చివరలో ఒక రోజు కూడును తీసేయడమే. పైగా 2019 జూలై నుంచి యాజమాన్యం వాటా 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం కలిసి నిండే నిధి ఈఎస్ఐది. పండుగ వేతనమనే తన సొంత బాధ్యతను యాజమాన్యం ఆ ఉమ్మడి నిధి మీదకు నెట్టినప్పుడు, ఆ భారంలో కొంత కార్మికులందరి జేబుల నుంచీ పోతుంది. చందా కట్టవలసి వస్తోందన్న కారణంతో యాజమాన్యం ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని వేతనం తగ్గించకూడదని 1948 చట్టం 72వ సెక్షన్ కట్టడి చేసిన సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఈఎస్ఐ ఇచ్చే సౌకర్యాలను పోలిన సౌకర్యాలను, ఉదాహరణకు సంస్థ సొంతంగా ఇచ్చే జబ్బు సెలవు జీతాన్ని, నిబంధనలకు లోబడి తగ్గించుకోవచ్చు. పండుగ వేతనం జబ్బుకు ఇచ్చేది కాదు గనుక ఆ కోవలోకి రాదు.

పూర్వపక్షంలో కాస్త బలమున్న వాదం ఇంకొకటుంది. సెలవంటే పని నుంచి విశ్రాంతి గనుక, ఎలాగూ పనికి రాలేనివాడికి విశ్రాంతి ఇవ్వడమన్న ప్రశ్నే ఉండదని అది అంటుంది. కాని గణతంత్ర దినాన కర్మాగారం గేటు మూసి ఉన్నప్పుడు ఆరోగ్యవంతుడూ పనిచేయడు, రోగీ పనిచేయడు. ఆ రోజున రోగి పనిలో లేకపోవడానికి కారణం అతడి జ్వరం కాదు, మూసి ఉన్న గేటు. జ్వరం లేకపోయినా అతడు ఇంట్లోనే ఉండేవాడు, వేతనమూ పొందేవాడు; కనుక ఆ ఒక్క రోజుకు జబ్బు వల్ల జరిగిన పని నష్టమంటూ ఏదీ లేదు. గేటు మూయని నిరంతర ఉత్పత్తి కర్మాగారాల్లో కూడా పండుగ నాడు పనిచేసినవాడికి చట్టం అదనపు ప్రతిఫలం ఇస్తుంది. రోగి అడుగుతున్నది దాన్ని కాదు, పని చేయకుండా ఇంట్లో ఉన్నవాడికి దక్కే మామూలు రోజు వేతనాన్నే.

ఈ సూత్రం మన శాసనాలకు కొత్తది కాదు. వార్షిక సెలవు మధ్యలో గాని, దాని రెండు కొసల్లో గాని వచ్చే సెలవు దినాలను ఆ సెలవులో లెక్కించరాదని 1948 ఫ్యాక్టరీల చట్టం 79వ సెక్షన్ వివరణ ఇచ్చింది. అంటే పెళ్లికో తీర్థయాత్రకో వారం సెలవు పెట్టినవాడి ఆగస్టు 15ను కాపాడిన శాసన నీతి, ఆసుపత్రి మంచం మీద ఉన్నవాడికి వర్తించదని వాదించవలసి వస్తుంది. అంత అన్యాయమైన తేడాను శాసనం కోరుకుందనడానికి ఆధారమేదీ లేదు. బయటి దేశాల్లో ఈ సందేహానికి చట్టంలోనే జవాబు చెప్పారు. వేతనంతో కూడిన జబ్బు సెలవు మధ్యలో ప్రభుత్వ సెలవు వస్తే, ఆ రోజున ఉద్యోగి జబ్బు సెలవులో లేనట్టే భావించాలని ఆస్ట్రేలియాలోని 2009 నాటి ఫెయిర్ వర్క్ చట్టం అంటుంది. జర్మనీ 1994 నాటి చట్టంలో, పండుగ నాడు జబ్బుగా ఉన్నవాడికి ఇచ్చే మొత్తాన్ని పండుగ వేతన సూత్రం ప్రకారమే లెక్కించాలని నిర్ణయించింది.

దొంగ సర్టిఫికెట్ల భయం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పండుగ వేతనం కోసం ఎవరూ జబ్బు నటించనక్కరలేదు, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్నా అది వచ్చేదే. నటిస్తే మిగతా రోజులకు పూర్తి వేతనం పోయి 70 శాతం మిగులుతుంది. అయితే జబ్బు ఏళ్ల తరబడి సాగినప్పుడు కూడా యాజమాన్యం పండుగ వేతనం ఇస్తూనే ఉండాలా అన్న ప్రశ్న సమంజసమైనదే. ఐర్లండు చట్టం మామూలు జబ్బుకు 26 వారాలు, పనిలో జరిగిన ప్రమాదానికి 52 వారాలు దాటిన గైర్హాజరీకి ఈ హక్కు లేదంటుంది. అలాంటి హద్దు గురించి ఇక్కడా చర్చించవచ్చు. హద్దు పెట్టాలంటే ముందు హక్కు ఉందని ఒప్పుకోవాలి.

కేంద్రం తెచ్చిన నాలుగు కార్మిక స్మృతులు (లేబర్ కోడ్లు) 2025 నవంబరు 21న అమల్లోకి రావడంతో ఈఎస్ఐ, ఫ్యాక్టరీల చట్టాలు వాటిలో కలిసిపోయాయి. పండుగ సెలవుల చట్టం రాష్ట్ర శాసనం గనుక ఆ విలీనంలోకి పోలేదు, దాన్ని స్పష్టం చేయగలిగేది రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభలే. జబ్బు సెలవులో గాని, అనారోగ్య భత్యం పొందుతున్న కాలంలో గాని వచ్చిన సెలవు దినానికి కూడా వేతనం చెల్లించాలని ఒక వివరణ చేర్చితే చాలు. కొత్త యంత్రాంగమేదీ అక్కరలేదు: కార్మికుడు ఏయే రోజుల్లో పనిలో లేడో, ఏయే రోజులకు వేతనం పొందాడో యాజమాన్యం నుంచి రాబట్టే గైర్హాజరీ నిర్ధారణ పత్రం ఈఎస్ఐ శాఖా కార్యాలయాల్లో ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్నదే, పండుగ తేదీకి ఎదురుగా వేతనం చెల్లించామని అందులో రాస్తే ఆ రోజు భత్యం దానంతటదే ఆగుతుంది.